టెంటర్ వీధి వెనక గేటు

థెల్మా కెర్షా గురించి చెప్పాలంటే ముందు ఆమె గొంతు గురించి చెప్పాలి. మనిషి నిండా ఐదడుగులు కూడా ఉండేది కాదు. మా ఊరి ప్రాథమిక పాఠశాలలో ముప్ఫై ఒక్క ఏళ్ళు మధ్యాహ్న భోజనం వడ్డించింది. మూడు వందల మంది పిల్లలు చెంచాలతో బల్లలు వాయిస్తూ గోల చేస్తుంటే, గరిటె పట్టుకునే "ఊఁ, చాలు!" అనేది. హాలంతా గప్‌చిప్. ఆల్డర్‌షాలో నలభై ఏళ్ళ లోపు వాళ్ళలో సగం మంది ఆ గొంతుకు భయపడి ఉడకబెట్టిన బఠాణీలు మింగినవాళ్ళే.

టెంటర్ వీధిలో ఆమెది రెండో నంబరు ఇల్లు, వరసలో మొదటిది. నాది నాలుగో నంబరు. మధ్యలో ఒకే గోడ. ఆమె టీ కెటిల్ పెడితే నాకు వినిపించేది. నేను దగ్గితే మర్నాడు "మందు వేసుకున్నావా, కీత్?" అని అడిగేది. నేను బస్సు నడిపేవాణ్ణి. పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికి ఇంటికొచ్చే షిఫ్టు. పంతొమ్మిదేళ్ళు అలా పక్కపక్కనే బతికాం.

మా ఇళ్ళ వెనక ఒక సందు ఉంది. ఇటు మా వరస పెరళ్ళు, అటు మిల్ వీధి వాళ్ళ పెరళ్ళు, మధ్యలో రాళ్ళు పరిచిన దారి. నూలు మిల్లు నడిచిన రోజుల్లో పనివాళ్ళు అటుగానే వెళ్ళేవారట. మిల్లు పోయాక ఆ దారి ఎవరికీ కాకుండా పోయింది. చిరిగిన పరుపులు, పాత సోఫాలు అక్కడే పారేసేవారు. హెల్మెట్ లేని కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళ మీద ఈ చివర నుంచి ఆ చివరకు దూసుకెళ్ళేవారు. పొద్దున పెరటి తలుపు తీస్తే గుమ్మం ముందు మత్తుమందు ఎక్కించుకున్న సూదులుండేవి. చెత్తడబ్బాలకు నిప్పు పెట్టడం వాళ్ళకు ఆట.

థెల్మా భర్త రాన్‌కు ఊపిరితిత్తుల జబ్బు. వెనక గదిలో మంచం మీదే ఉండేవాడు. ఒకసారి మూడు డబ్బాలు ఒకేసారి అంటించారు. ప్లాస్టిక్ కాలిన ఆ పొగ కిటికీ సందుల్లోంచి ఆ గదిలోకి వెళ్ళింది. తడి తువ్వాళ్ళు కిటికీకి కుక్కుతూ థెల్మా అరుస్తున్న అరుపు వీధంతా విన్నది. రాన్ ఆ తర్వాత రెండు నెలలు బతికాడు. పొగ వల్లే పోయాడని ఆమె ఎన్నడూ అనలేదు. కానీ అంత్యక్రియలైన వారానికే ఒక అట్ట, దానికి దారంతో కట్టిన పెన్ను పట్టుకుని మా తలుపు కొట్టింది.

"సంతకం పెట్టు, కీత్."

"దేనికి?"

"గేట్లకు. సందుకు రెండు వైపులా. కొత్త చట్టం వచ్చిందట. వీధిలో రౌడీతనం ఎక్కువైన చోట కౌన్సిల్ ఉత్తర్వు ఇచ్చి దారి మూసేయొచ్చట. సగానికి సగం ఇళ్ళు కావాలనాలి."

"మనకెక్కడ వేస్తారు?"

"వెయ్యకపోతే వాళ్ళ ఆఫీసు మెట్ల మీదే కూర్చుంటా. సంతకం పెట్టు ముందు."

అరవై రెండు ఇళ్ళు తిరిగింది. వర్షంలో తిరిగింది, కుక్కలు మొరుగుతుంటే తిరిగింది. కౌన్సిల్ నుంచి జనీన్ అనే అమ్మాయి వచ్చి సందు ఫోటోలు తీసుకుంది. దారి మూస్తే నడిచేవాళ్ళు వేరే ఎటు పోతారో చూపించాలి, అది నియమం అంది. థెల్మా తనే చుట్టూ తిరిగి చూసింది. చేతిలో రాన్ గడియారం. సందులోంచి అయితే రెండు నిమిషాలు, మెయిన్ రోడ్డు మీదుగా అయితే ఆరు. ఆ లెక్కే తర్వాత కౌన్సిల్ అంటించిన నోటీసులోకి ఎక్కింది: ప్రత్యామ్నాయ మార్గానికి అదనంగా పట్టే సమయం నాలుగు నిమిషాలు.

మరుసటి వసంతంలో గేట్లు వచ్చాయి. ఏడడుగుల ఎత్తు, నల్లరంగు ఇనుప కడ్డీలు, పైన ఒక బోర్డు. బహిరంగ స్థలాల రక్షణ ఉత్తర్వు, ఇది మీరితే జరిమానా, అంటూ చిన్న అక్షరాల్లో బోలెడంత రాసి ఉంది. ఇంటికొక తాళంచెవి ఇచ్చారు. సందు కింది చివరి గేటు సరిగ్గా థెల్మా పెరటి గోడను ఆనుకుని ఉంది. వంటింటి కిటికీలోంచి చూస్తే కనిపించదు కానీ, ఎవరైనా చెయ్యేస్తే వినిపిస్తుంది.

ఆ వేసవి మా సందు ఎలా ఉండేదో ఇప్పుడు చెబితే నమ్మరు. సందుకు అటువైపు ఇంటి డెరెక్ పిల్లింగ్ టమాటా మొక్కల కుండీలు వరసగా పెట్టాడు. అతని పక్కింటి యాస్మిన్ వాళ్ళు కుర్చీలు తెచ్చి వేస్తే సాయంత్రం అందరం అక్కడే కూర్చునేవాళ్ళం. ఆమె సమోసాలు తెచ్చేది, థెల్మా తను కాల్చిన యాపిల్ పై. పసిపిల్లలు రాళ్ళ మీద సుద్దతో బొమ్మలు గీసేవారు. "థెల్మా, నీకు విగ్రహం కట్టించాలే," అనేవాడు డెరెక్. "కట్టించు, మొహం మాత్రం నునుపుగా చెక్కమను," అనేది.

బయటి పిల్లలకు మాత్రం ఆ గేటు కొత్త ఆటవస్తువైంది. బడి వదిలాక వచ్చి, కడ్డీలు పట్టుకుని దడదడలాడించి పారిపోయేవారు. థెల్మా వంటింట్లోంచే, తలుపు కూడా తీయకుండా, అరిచేది. "పొండి ఇక్కణ్ణుంచి! పోలీసులకు ఫోన్ చేస్తున్నా!" నవ్వుకుంటూ పరిగెత్తేవారు. వారానికి మూడు నాలుగుసార్లు జరిగేది. ఆమె అరుపు వింటే నేను టీవీ చూస్తూనే నవ్వుకునేవాణ్ణి.

మూడో ఏడు నవంబరులో ఒక గురువారం. మా దగ్గర నవంబరులో నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. థెల్మా బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. గేటు దడదడలాడింది. మామూలు కంటే గట్టిగా, మామూలు కంటే ఎక్కువసేపు. "పొండి ఇక్కణ్ణుంచి!" అని అరిచింది. ఒక్క క్షణం ఆగి మళ్ళీ మోగింది. "పోతారా, పోలీసులను పిలవనా?" అని ఇంకా గట్టిగా అరిచింది. ఆగిపోయింది. ఆమె దుంపలు కడిగి గిన్నెలో వేసింది.

గేటు ఊపింది కార్లీ. పంతొమ్మిదేళ్ళ పిల్ల. మెయిన్ రోడ్డు మీది మందుల షాపులో పనిచేసేది. సందు పై చివర దాటి రెండు అడుగులేస్తే ఆమె అమ్మమ్మ ఇల్లు. చిన్నప్పటి నుంచి ఆ సందులోంచే నడిచిన పిల్ల. ఆ రోజు ఆమె వదిలేసిన కుర్రాడు షాపు బయట కాచుకుని వెంటపడ్డాడు. పరిగెత్తి పరిగెత్తి, పాత అలవాటు కొద్దీ కాళ్ళు ఇటు తిరిగాయి, అరవడానికి ఊపిరి మిగల్లేదు. గేటు పక్కన పాత నూలు మిల్లు పడగొట్టిన ఖాళీ స్థలం ఉంది. వాడు ఆమెను అక్కడికి ఈడ్చుకుపోయాడు. కుక్కను తిప్పడానికి వచ్చిన ఒకాయన ఇరవై నిమిషాల తర్వాత ఆమెను చూశాడు. దవడ విరిగింది. కుడిచేతి వేళ్ళు రెండు నలిగిపోయాయి. ఎడమ చెవి వినికిడి మళ్ళీ రాలేదు.

పోలీసులు ఆ సాయంత్రమే ఇల్లిల్లూ తిరిగారు. థెల్మా గుమ్మంలో నిలబడిన పోలీసు అడగడం నాకు మా గుమ్మంలోంచి వినిపించింది.

"నాలుగున్నర ప్రాంతంలో ఏమైనా విన్నారా, అమ్మా?"

"లేదు," అంది థెల్మా.

ఆ కుర్రాణ్ణి మర్నాడే పట్టుకున్నారు. తప్పు ఒప్పుకున్నాడు, తొమ్మిదేళ్ళు పడింది. థెల్మా చెప్పినా చెప్పకపోయినా కేసుకు ఏ తేడా లేదు. ఈ మాట నేను ఆమెకు తర్వాత ఎన్నోసార్లు చెప్పాను. ఆమె వినేది, తల ఊపేది, మళ్ళీ కిటికీ వైపు తిరిగేది.

గేటు మోగడం మొదలైంది క్రిస్మస్‌కు ముందు. అంటే ఆమె చెవికి మాత్రమే. మొదట టార్చి పట్టుకుని బయటికొచ్చి చూసేది. ఎవరూ ఉండేవారు కాదు. ఆ సంఘటన తర్వాత కుర్రాళ్ళు కూడా ఆ వైపు రావడం మానేశారు. గొళ్ళెం వదులై ఉంటుందని నూనె పోసింది. తర్వాత పాత కంబళి చించి కడ్డీలకూ తాళానికీ చుట్టింది, శబ్దం రాకుండా. రోజూ నాలుగున్నర కాగానే మా గోడ మీద తట్టేది.

"విన్నావా, కీత్?"

"గాలి, థెల్మా."

"గాలి అలా ఊపదు. చేతులతో ఊపుతున్నట్టుంది. రెండు చేతులతో."

"కంబళి చుట్టావు కదా, ఎలా మోగుతుంది?"

"నేనూ అదే అనుకుంటున్నా," అంది.

ఆ చలికాలంలో ఆమె గొంతు తగ్గిపోయింది. జబ్బేమీ కాదు, డాక్టరు చూసి అంతా బాగుందన్నాడు. కానీ ఆమెతో మాట్లాడాలంటే వంగి వినాల్సి వచ్చేది. రొట్టెల షాపులో ఏం కావాలో రెండుసార్లు చెప్పాల్సి వచ్చేది. ఒకప్పుడు ఆమె దగ్గర బఠాణీలు తిన్న కుర్రాడే కౌంటరు వెనక నిలబడి "కాస్త గట్టిగా చెప్పండి, మిసెస్ కెర్షా," అంటుంటే నేను చూశాను. చివరికి వేలితో చూపించింది.

ఫిబ్రవరి నుంచి గేటు దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. వంటింటి కుర్చీ, కాళ్ళ మీద దుప్పటి, ఒళ్ళో తాళంచెవి. రోజూ మూడింటి నుంచి ఆరింటి దాకా. మంచు పడినా అంతే. డెరెక్ మురిసిపోయాడు.

"మాకు ఉచితంగా కాపలాదారు దొరికింది చూడండ్రా!"

ఒకరోజు సంచులు మోస్తూ మిల్ వీధి అవతలి నుంచి ఎవరో ముసలాయన వచ్చాడు. మా వీధి మనిషి కాదు. థెల్మా లేచి గేటు తీసింది. "వెళ్ళండి, పై గేటు కూడా తీస్తా," అంటూ వెంట నడిచింది. ఆ తర్వాత బడి పిల్లలకు తీసింది. ఇంకో రోజు డబ్బా బీరు చేతిలో పట్టుకున్న ఇద్దరికి కూడా తీసింది. డెరెక్ పెరట్లోంచి పరిగెత్తుకొచ్చాడు.

"నీకేమైనా మతిపోయిందా, థెల్మా? ఎవడంటే వాడికి తీస్తావా?"

"దారే కదా, వెళ్ళనీ."

"ఎవరు మూయించారు ఆ దారిని? నువ్వు కాదూ? నా చేత సంతకం పెట్టించింది ఎవరు?"

"నేనే."

"మరి?"

"నేనే అంటున్నాగా, డెరెక్."

అతను మొక్కలకు నీళ్ళు పోయడం కూడా మరిచిపోయి లోపలికెళ్ళాడు. ఆ నెలలోనే ఎవరో జనీన్‌కు ఫిర్యాదు చేశారు. జనీన్ వచ్చి, గేటు ఆనుకుని నిలబడి మెల్లగా చెప్పింది. తాళంచెవి ఇంటివాళ్ళ వాడకానికేనని, బయటివాళ్ళకు తీస్తే వెనక్కి తీసుకోవాల్సి వస్తుందని. "మీరు అడిగిందే కదండీ ఇదంతా, మీకు నేను చెప్పాలా?" అంది. థెల్మా తాళంచెవిని గుప్పిట్లో పెట్టుకుంది. జనీన్ అడగలేక వెళ్ళిపోయింది.

ఆ ఉత్తర్వు మూడేళ్ళకు మించి చెల్లదు. కొనసాగించాలంటే మళ్ళీ జనాన్ని అడగాలి. ఆ వసంతంలో చర్చి హాల్లో మీటింగు పెట్టారు. యాభై మంది దాకా వచ్చాం. జనీన్ తెల్ల తెర మీద పాత ఫోటోలు చూపించింది, కాలిన డబ్బాలు, పరుపులు, సూదులు. తర్వాత కొత్త ఫోటోలు, టమాటాలు, సుద్ద బొమ్మలు. చప్పట్లు కొట్టారు. ఎవరైనా మాట్లాడతారా అని అడిగితే థెల్మా లేచింది.

"గట్టిగా!" అన్నారు వెనక నుంచి.

ఆమె ముందుకు నడిచి, తెర వెలుగులో నిలబడింది. టమాటా కుండీల బొమ్మ ఆమె మొహం మీద పడింది.

"కార్లీ గేటు ఊపినప్పుడు నేను విన్నాను," అంది. "రెండుసార్లు విన్నాను. రెండుసార్లూ పొమ్మని అరిచాను. పోలీసాయన అడిగితే వినలేదన్నాను. సాయంత్రం పూట గేట్లు తీసి ఉంచమని అడగడానికి వచ్చాను. అంతే."

డెరెక్ తల వంచుకుని, "నీకేం తెలుసు, థెల్మా, అది ఆ పిల్లేనని నీకెలా తెలుస్తుంది?" అన్నాడు. నిజంగా బాధపడే అన్నాడు. యాస్మిన్ కళ్ళు తుడుచుకుంది. కానీ ఒకావిడ లేచి, "పాపం, నాకూ బాధగానే ఉంది. అలాగని మా పిల్లలు మళ్ళీ సూదుల మధ్య ఆడుకోవాలా?" అంది. చేతులెత్తించారు. మూసి ఉంచాలని నలభై నాలుగు. తీయాలని నాలుగు.

ఇక్కడ నా మాట చెప్పాలి. ఆ గురువారం నేను ఇంట్లోనే ఉన్నాను. పొద్దున షిఫ్టు చేసి వచ్చి కుర్చీలో వాలి ఉన్నాను, నిద్రపోలేదు. గేటు నేనూ విన్నాను. థెల్మా అరుపు విన్నాను. అది ఆగిపోవడమూ విన్నాను. ఆగిపోయాక ఇంకో చప్పుడు వచ్చింది, ఖాళీ స్థలం వైపు నుంచి, చిన్నది. అది ఆమెకు వినిపించి ఉండదు. ఆమె అప్పుడు కుళాయి కింద దుంపలు కడుగుతోంది. టీవీ సౌండు పెంచాను. ఎందుకు పెంచానో ఇప్పటికీ చెప్పలేను. పోలీసు నా గుమ్మానికి వచ్చినప్పుడు, పక్కింట్లో థెల్మా అన్న మాటే నేనూ అన్నాను. ఆమె గోడ తట్టి "విన్నావా, కీత్?" అని అడిగిన ప్రతిసారీ గాలి అన్నది నేనే. మీటింగులో ఆమె నిలబడి ఉండగా నేను కుర్చీలోంచి లేవలేదు. తీయాలన్న నాలుగు చేతుల్లో నాది ఒకటి. అంతకంటే ఏమీ చెయ్యలేదు.

మీటింగు సంగతి ఊరంతా పాకింది. పది రోజుల తర్వాత కార్లీ వచ్చింది. నేను మా పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. సందులోకి తెరుచుకునే తలుపు ఓరగా ఉంది. థెల్మా గేటు లోపల కుర్చీలో, కార్లీ బయట. కార్లీ మనిషి చిక్కిపోయింది. మంచి చెవి ఇటు తిప్పి నిలబడింది.

"ఆ గొంతు మీదేనటగా, మిసెస్ కెర్షా."

"నాదే, తల్లీ."

"నాకు ముందే తెలుసు. మీ గొంతు నాకు తెలీదా? ఆరేళ్ళు బళ్ళో విన్నాను."

థెల్మా ఒళ్ళోని తాళంచెవిని గుప్పిట్లోకి తీసుకుంది.

"మొదటిసారి అరిచినప్పుడు సంతోషమేసింది నాకు," అంది కార్లీ. "అమ్మయ్య, మిసెస్ కెర్షా ఉన్నారు, వస్తారు అనుకున్నా. అందుకే ఇంకోసారి ఊపాను. లేకపోతే రోడ్డు మీదికి పరిగెత్తేదాన్ని."

"పోలీసులకు చెప్పలేదే?"

"ఏమని చెప్పను? బళ్ళో వడ్డించే ఆవిడ కేకేసిందనా?"

థెల్మా లేచి తాళం తీసి, గేటు బార్లా తెరిచింది. "రా తల్లీ. అమ్మమ్మ ఇంటికేగా? నేను వెంట వస్తా."

కార్లీ సందులోకి చూసింది. టమాటా కుండీలు, సుద్ద గీతలు, అవతల పై గేటు.

"వద్దండీ. చుట్టూ తిరిగి వెళ్తా," అంది.

వెళ్ళిపోయింది. థెల్మా ఆ గేటు అలాగే పట్టుకుని నిలబడింది. చీకటి పడేదాకా నేను బట్టల తీగ దగ్గరే ఉండిపోయాను, తలుపు చప్పుడైతే వింటుందేమోనని.

తర్వాత ఇంకో రెండు చలికాలాలు థెల్మా ఆ కుర్చీలో కూర్చుంది. తాళంచెవి ఎవరూ వెనక్కి తీసుకోలేదు, జనీన్ చూసీ చూడనట్టు ఊరుకుంది. గేటు ఇంకా మోగుతోందా అని నేను ఒకసారి అడిగాను. "మోగితే భయం లేదిప్పుడు. వెళ్ళి తీస్తున్నాగా," అంది. "తీసినా ఎవరూ ఉండటం లేదు, కీత్. అదొక్కటే." జనవరిలో న్యుమోనియా పట్టుకుంది. ఆస్పత్రికి తీసుకెళ్ళిన నాలుగో రోజున పోయింది.

అంత్యక్రియలకు వీధంతా వచ్చింది. పాత విద్యార్థులు వచ్చారు, గెడ్డాలు పెరిగిన మగవాళ్ళు చిన్నపిల్లల్లా వరసలో కూర్చున్నారు. కార్లీ ఆఖరి బెంచీలో ఒక్కతే కూర్చుంది. తర్వాత హాల్లో టీ ఇస్తుండగా నేను బయటికొస్తే ఆమె బస్టాపులో నిలబడి ఉంది. నన్ను చూసి, "మీరు పక్కింటాయన కదూ?" అంది.

"అవును."

ఆమె మంచి చెవిని నా వైపు తిప్పింది. నేనేదో చెబుతానని ఎదురుచూసినట్టే ఉంది. ఇంకా బస్సు మలుపు తిరగలేదు. చెప్పడానికి కావలసినంత టైముంది.

"బాగా చలిగా ఉంది," అన్నాను.

"అవునండీ," అంది. బస్సు వచ్చింది. డ్రైవరు నాకు తెలిసినవాడే, చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. ఆమె ఎక్కి, నేను కనిపించే కిటికీ వైపు కాకుండా నడవ వైపు కూర్చుంది.